ఇరవై అయిదో కుళాయి

పొద్దున పదకొండుకు ఇంకా రెండు నిమిషాలుంది. సెల్లార్‌లో ముగ్గురు మనుషులు నీళ్ళ మీటరు ముందు నిలబడి, ఆలస్యమైన రైలు కోసం చూస్తున్నట్టు చూస్తున్నారు.

పైన భవనం మొత్తం ఖాళీ. ఆరు అంతస్తులు, అంతస్తుకు రెండిళ్ళు, ఇంటికి రెండు వేడినీళ్ళ కుళాయిలు. స్నానాలగదిలో ఒకటి, వంటింట్లో ఒకటి. వెరసి ఇరవై నాలుగు. వారం క్రితం ఆరోగ్యశాఖ అందరినీ ఖాళీ చేయించింది. ఆ రోజే ఇన్‌స్పెక్టర్ ఇరవై నాలుగు కుళాయిలకూ కాగితపు పట్టీలు చుట్టి, ఒక్కొక్క పట్టీ మీదా తన సంతకం పెట్టింది. ఎవరైనా కుళాయి తిప్పితే పట్టీ చిరగాల్సిందే.

"ముల్లు కదలదు మేడమ్," అన్నాడు మేస్త్రి. "ఖాళీ ఇంట్లో నీళ్ళెవరు వాడతారు? రోజూ ఎవరో వాడినట్టు మీటరు లెక్క రాసుకునే ఆ డబ్బాకే ఏదో తెగులు."

"తెగులైతే ఎప్పుడు పడితే అప్పుడు రావాలి. రోజూ సరిగ్గా పదకొండుకే వస్తుందా?"

"క్రమశిక్షణ గల తెగులు," అన్నాడు కేర్‌టేకర్.

పదకొండయింది. ముల్లు కదిలింది.

ఒక బకెట్ నిండేంతసేపు నిదానంగా తిరిగింది. ఆగింది. ముగ్గురూ చూస్తుండగా మళ్ళీ కదిలి, అంతేసేపు తిరిగి, ఆగిపోయింది. పక్కనే, పైనుంచి వేడినీళ్ళు తిరిగొచ్చే రిటర్న్ పైపు మీద ఉన్న థర్మామీటరు యాభై నుంచి మెల్లగా నలభైకి దిగింది.

"నలభై లీటర్లు," అంది ఇన్‌స్పెక్టర్.

"రెండు బకెట్లు," అన్నాడు కేర్‌టేకర్, గొంతు తగ్గించి. "తలస్నానం కాదు. మామూలు స్నానం."

*

నిబంధనలు పుట్టడం వెనక ఎప్పుడూ ఎవరిదో ఒక చావు ఉంటుంది. వేడినీళ్ళ నిబంధనలూ అంతే. ట్యాంకులో నీళ్ళు అరవై డిగ్రీలకు తగ్గకూడదు. భవనమంతా చుట్టి తిరిగొచ్చే రిటర్న్ పైపులో యాభైకి తగ్గకూడదు. ఒంటి మీద పడే చోట మాత్రం నలభై తొమ్మిది దాటకూడదు. అందుకని ప్రతి స్నానాలగదిలో చల్లనీళ్ళు కలిపే మిక్సింగ్ వాల్వు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. అసలు పైపు నుంచి చీలి, ఎక్కడికీ పోకుండా మూతపడ్డ కొమ్మ ఏదీ మూరెడు మించి ఉండకూడదు. ఆ కొమ్మలో నీళ్ళు కదలవు. కాగవు, చల్లారవు. నులివెచ్చగా నిలబడిపోతాయి. వాటిలో ఒక క్రిమి పెరుగుతుంది. తాగితే ఏమీ చేయదు. షవర్ తుంపరతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషిని తీసుకుపోతుంది.

ఈ భవనంలో ముగ్గురికి సోకింది. ఒకాయన పోయాడు. ఒకావిడ కోలుకుంది. మూడో మనిషి అయిదో అంతస్తులో ఎడమవైపు ఇంటి ఇల్లాలు. ఆమె ఇన్‌స్పెక్టర్‌కి సొంత చెల్లెలు.

ఏడాది క్రితం ఈ భవనానికి వేడినీళ్ళ యోగ్యతాపత్రం మీద సంతకం పెట్టింది కూడా ఇన్‌స్పెక్టరే. ఆ రోజు ఆమె అన్ని కుళాయిలూ తిప్పి చూడలేదు. ఈ ఉద్యోగంలో అందరూ చేసే పనే చేసింది. ఆరో అంతస్తులో అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి తిప్పి, అరనిమిషంలో వేణ్ణీళ్ళు రాగానే, చివరిది వేడైతే మధ్యలోవన్నీ వేడే అనుకుని కిందికి దిగిపోయింది. చివరి గింజ ఉడికితే అన్నమంతా ఉడికినట్టే అని ఆఫీసులో ఒక మాట ఉంది. అన్నానికి అది నిజమేమో. పైపుల సంగతి వేరు.

చెల్లెలు గండం గడిచి బయటపడింది. రేపు సాయంత్రం ఆసుపత్రి నుంచి పంపిస్తామన్నారు. ఆలోగా తప్పు దొరికి సరిచేస్తే భవనమూ తెరుస్తారు. "ఇంకోసారి సోకితే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవు," అని డాక్టరు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. ఖాళీ చేయించి పట్టీలు చుట్టకముందు రెండుసార్లు భవనమంతా మరిగే నీళ్ళతో కడిగించారు. రెండుసార్లూ మూడు రోజుల్లో క్రిమి తిరిగొచ్చింది. అదీ ఒక్క చోటే. చెల్లెలి స్నానాలగదిలో.

సెల్లార్ మెట్లెక్కుతూ ఇన్‌స్పెక్టర్ చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏమే, మందేసుకున్నావా?"

"వేసుకున్నా. మీ మరిది బత్తాయిరసం పట్టుకుని గుమ్మంలో కాపలా కాస్తున్నాడు. తాగేదాకా కదలడట. రేపు తీసుకెళ్ళిపొమ్మని చెప్పక్కా, ఇక్కడుంటే ఈ రసంతోనే పోయేట్టున్నాను."

"ఒక్క మాట చెప్పు. పొద్దున పదకొండుకు ఇంట్లో నువ్వొక్కదానివే కదా. ఎవరైనా నీళ్ళు వాడుతున్న చప్పుడు వినపడేదా?"

"ఆ, పక్కింటావిడ స్నానం. రోజూ వినపడేది."

"పక్కింట్లో ఉండేది ఇద్దరు కుర్రాళ్ళే. పొద్దున ఎనిమిదికి పోతే రాత్రికి గానీ రారు."

"ఆడమనిషేనక్కా," అంది చెల్లెలు. "నీళ్ళు పోసుకుంటూ గొణుక్కునేది. కాగలేదు, కాగలేదు అని."

*

మేస్త్రిని అందరూ చెవిటి మేస్త్రి అంటారు. ఆయనకు చెవుడు లేదు. గోడలో పైపు చెమ్మగిల్లితే వీధిలోంచే వింటాడని పేరు. పని మీద ఎవరైనా పిలిస్తే మాత్రం వినపడదు. అందుకని ఆ బిరుదు.

అయిదో అంతస్తులో చెల్లెలి ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న గోడకు ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడికి చెవి పెట్టాడు. అడుగు అడుగూ జరిగాడు. ఒకచోట ఆగి, వేలి కణుపుతో గోడను తట్టాడు.

"ఇది గోడ కాదు," అన్నాడు. "రెండు గోడలు. మధ్యలో డొల్ల."

ఇన్‌స్పెక్టర్ నక్షా విప్పింది. నక్షాలో అక్కడ ఒకటే గీత ఉంది.

కేర్‌టేకర్ నడుముకున్న తాళాల గుత్తి సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ భవనం ఆయన చేతిలో ఉంది. అందరికీ తాళాల బాబాయి. ఆయన ముఖంలో రంగు మారింది.

"గుర్తొచ్చింది అమ్మాయ్. ముందు ఈ అంతస్తంతా ఒకటే ఇల్లు. తర్వాత రెండు చేశారు. అడ్డుగోడ సరిగ్గా మధ్య స్నానాలగది మీదికొచ్చింది. ఎవరికిచ్చినా రెండోవాళ్ళకు కోపం. అందుకని ఇటూ అటూ ఇటుకలు కట్టి మూసేశారు."

"లోపలి పైపు?"

"అది నన్నడిగితే?"

ఇద్దరూ మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి గోడ వైపు చూశాడు.

"కుళాయి ఊడదీసి మూత బిగించాను," అన్నాడు చివరికి. "అసలు పైపు దగ్గరే కోసెయ్యాలి. నాకు తెలుసు. ఎప్పటికైనా పనికొస్తుందని వదిలేశాను. మా వాళ్ళందరికీ ఆ జబ్బుంది మేడమ్, ఉన్న పైపును చంపబుద్ధి కాదు."

"కొట్టు," అంది ఇన్‌స్పెక్టర్.

ఇటుకలు ఊడి మనిషి దూరేంత కంత పడింది. ఆమె టార్చి వేసుకుని లోపలికి అడుగుపెట్టింది.

గచ్చు మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము వేలెడు మందాన ఉంది. గోడకు పాత అద్దం. కుళాయి ఉండాల్సిన చోట ఇనుప మూత, తుప్పు పట్టి పైపుతో ఏకమైపోయింది. దాన్ని ఎవరూ విప్పలేదు. దాన్నుంచి ఒక్క చుక్క కారలేదు. మూత కింద చెయ్యి పెడితే దుమ్మే అంటింది.

గది మధ్యలో మాత్రం, ఒక మనిషి పీట వేసుకుని కూర్చునేంత మేర, గచ్చు శుభ్రంగా ఉంది. తడిగా ఉంది. తూములోకి నీళ్ళు ఇంకా సన్నగా జారుతూనే ఉన్నాయి.

మేస్త్రి వెనక్కి జరిగి, తెలియకుండానే చెప్పులు విప్పేశాడు. ఎవరైనా స్నానం చేస్తున్న గదిలోకి పొరపాటున తొంగి చూసినవాడిలా తల తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ తడి మీద థర్మామీటరు ఆనించింది. ముప్పై ఏడు. సరిగ్గా మనిషి ఒంటి వేడి.

*

కేర్‌టేకర్ గదిలో పాత ఫిర్యాదుల పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది. ఆయన వేలు తడి చేసుకుని పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

అయిదో అంతస్తు, మధ్య స్నానాలగది, నీళ్ళు కాగడం లేదు. మర్నాడు మళ్ళీ అదే. వారం తర్వాత అదే. దస్తూరి ముద్దముద్దగా, ఓపికగా ఉంది. ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టింది. పదిహేడు సార్లు.

"ఇల్లుగలాయన మేనత్త," అన్నాడు కేర్‌టేకర్. "పెద్దావిడ. అందరి స్నానాలూ అయ్యాక, పదకొండుకు గానీ ఆవిడ వంతు వచ్చేది కాదు. మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారైనా ఒంటి నిండా వేణ్ణీళ్ళు పోసుకుంటే ప్రాణం లేచొస్తుందిరా అబ్బాయ్ అనేది. రాసుకునేవాణ్ణి. మేస్త్రికి కబురంపేవాణ్ణి."

"మరి మేస్త్రి?"

"నాకు వినపడలేదు," అన్నాడు మేస్త్రి.

ఆ మాటకు ఇంకెప్పుడైనా అయితే కేర్‌టేకర్ పగలబడి నవ్వేవాడు.

"ఆవిడ ఎలా పోయింది బాబాయ్?"

"దగ్గు, జ్వరం. వయసైపోయిందన్నారు. పది రోజుల్లో పోయింది. అప్పట్లో నీళ్ళవల్ల దగ్గొస్తుందని ఎవరికి తెలుసమ్మా."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూసింది. ఆమెకు జాలి వేసింది, భయం వేసింది. కానీ రేపు సాయంత్రం ఇంటికొచ్చేది తన చెల్లెలు. నిబంధన స్పష్టంగా ఉంది.

"అసలు పైపు దగ్గరే కోసెయ్యి," అంది. "ఇవాళే."

మేస్త్రి కోశాడు. పదకొండడుగుల కొమ్మ బయటికొచ్చింది. లోపలి నీళ్ళు బకెట్లోకి వంపితే నీరుల్లి కుళ్ళిన వాసన, అడుగున జిగురు. ఇంతకాలం ఆ జిగురే పక్కనున్న చెల్లెలి పైపులోకి కొద్దికొద్దిగా వెనక్కి పాకింది. శాస్త్రప్రకారం కథ ముగిసింది. ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకుంది.

*

మర్నాడు పదకొండుకు ఆమె ఒక్కతే చెల్లెలి ఇంట్లో ఉంది. మేస్త్రి సెల్లార్‌లో మీటరు దగ్గర ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నారు.

"ముల్లు కదలట్లేదు మేడమ్," అన్నాడు. "వదిలింది పీడ." అంతలోనే అన్నాడు, "తిరుగుతోంది."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట చెప్పనక్కర్లేకపోయింది. చెల్లెలి స్నానాలగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు ఆమెకు వినపడుతోంది.

తలుపు ఓరగా ఉంది. ఆమె వేలితో తోసింది.

లోపల ఎవరూ లేరు. కుళాయికి చుట్టిన కాగితపు పట్టీ చెక్కుచెదరలేదు. దాని మీద తన సంతకం పొడిగా ఉంది. కుళాయి కింద బకెట్ అంచు దాకా నిండి ఉంది. చెల్లెలి సబ్బు తడిసి, నురగతో, పెట్టెలోంచి జరిగి పీట పక్కన ఉంది. గచ్చంతా తడి. తుంపర గాలిలో ఇంకా తేలుతోంది. ఆమె గబుక్కున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వినపడింది. చాలా దగ్గరగా, విసుగు కూడా లేని గొంతు. అడిగి అడిగి అలసిపోయిన మనిషి గొంతు.

"కాగలేదు."

ఆమె తలుపు మూసి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఫోన్‌లో మేస్త్రి "మేడమ్, మేడమ్" అంటున్నాడు.

తన గది మూస్తే పెద్దావిడ పక్క గదికి వచ్చింది. ఇదీ మూస్తే ఇంకో గదికి పోతుంది. పోయిన ప్రతిచోటికీ ఆ నులివెచ్చని నీళ్ళు వెంట తీసుకుపోతుంది. ఎక్కడికని మూస్తూ పోవడం? మనిషిని గెంటవచ్చు. అవసరాన్ని గెంటలేం.

ముందు మరిదికి ఫోన్ చేసింది. "ఇంటికి తీసుకురావద్దు. మా ఇంటికి తీసుకెళ్ళు. నేను చెప్పేదాకా ఈ మెట్లెక్కనివ్వకు."

తర్వాత నిబంధనల పుస్తకం తీసింది. ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చెప్పగల పేజీ. వాడని కొమ్మను అసలు పైపు దగ్గర కోసివేయాలి. దాని కిందనే ఇంకో వాక్యం. వాడకంలో ఉన్న ప్రతి కుళాయికీ వేడినీళ్ళు ఆగకుండా తిరిగే ఏర్పాటు ఉండాలి.

వాడకంలో ఉన్న. రోజుకు నలభై లీటర్లు. మీటరే సాక్ష్యం.

"మేస్త్రీ," అంది ఫోన్‌లో. "నిన్న కోసిన చోట కొత్త పైపు వెయ్యాలి. రాగిది. రిటర్న్ లైనుతో కలపాలి. మిక్సింగ్ వాల్వు, కుళాయి. పక్కింటి వైపు గోడకు తలుపు పెట్టి, ఇటు కంత పూడ్చాలి."

ఆయనకు వినపడలేదేమో అనుకుంది.

"సామాను తెచ్చే ఉంచాను మేడమ్," అన్నాడు మేస్త్రి. "రాత్రి నిద్రపట్టలేదు."

*

ఆ పని మూడు రోజులు పట్టింది. మేస్త్రి ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పైపుకు వేడి జారిపోకుండా తొడుగు వేస్తూ, పసిపిల్లకు స్వెట్టర్ తొడిగినంత జాగ్రత్తగా తొడిగాడు. కేర్‌టేకర్ దుమ్మంతా కడిగి, ఎవరూ అడగకుండానే కొత్త పీట తెచ్చి వేశాడు.

"ఎంతకు పెట్టమంటారు?" అన్నాడు మేస్త్రి, మిక్సింగ్ వాల్వు దగ్గర స్క్రూడ్రైవర్‌తో.

"నలభై నాలుగు."

"పెద్దవాళ్ళకు ఇంకొంచెం వేడి కావాలనిపిస్తుంది."

"పెద్దవాళ్ళ చర్మం పలచన. తెలియకుండా కాలుతుంది. నలభై నాలుగు."

"చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడంటారు," అని గొణిగాడు కేర్‌టేకర్. "పాపం ఆవిడకు ఇన్నాళ్ళూ ఏ తోడూ లేదు."

పదకొండుకు ముందు మగవాళ్ళిద్దరూ కిందికి వెళ్ళిపోయారు. ఇన్‌స్పెక్టర్ కొత్త తలుపు బయట నిలబడింది. ఈసారి తొంగి చూడలేదు.

కుళాయి తిరిగిన చప్పుడైంది. బకెట్లో నీళ్ళు పడ్డాయి. తలుపు కింద నుంచి వెచ్చటి ఆవిరి వచ్చి ఆమె పాదాలను తాకింది. తర్వాత మొదటి చెంబు నీళ్ళు ఒంటి మీద పడిన చప్పుడు. ఆ వెంటనే ఒక నిట్టూర్పు. నొప్పులున్న మనిషి వెన్ను మీద వేణ్ణీళ్ళు జారినప్పుడు ఎక్కడో ఎముకల్లోంచి వచ్చే నిట్టూర్పు. అది చాలాసేపు సాగింది. బతికున్న మనిషి ఊపిరి అంతసేపు సాగదు.

ఇన్‌స్పెక్టర్ కదలకుండా నిలబడి వాచీ చూసుకుంది. పన్నెండు నిమిషాలు. కింద రిటర్న్ పైపు యాభై దగ్గర నుంచి ఒక్క డిగ్రీ కూడా దిగలేదని మేస్త్రి తర్వాత చెప్పాడు.

మూడు వారాల్లో మూడుసార్లు నీళ్ళు పరీక్షకు పంపింది. ఈసారి ఇరవై అయిదు కుళాయిలూ తన చేత్తోనే తిప్పింది. మూడుసార్లూ క్రిమి లేదనే వచ్చింది. జాబితాలో ఇరవై అయిదో వరస చూసి పై అధికారి కనుబొమలెత్తాడు.

"పన్నెండిళ్ళకు ఇరవై నాలుగు కదమ్మా. ఈ గది ఎవరు వాడతారు?"

"ఒకావిడ," అంది ఇన్‌స్పెక్టర్. ఆయన టీ చల్లారిపోతోంది. సంతకం పెట్టేశాడు.

*

చెల్లెలు ఒక ఆదివారం ఇంటికొచ్చింది. చిక్కిపోయింది గానీ నోరు మాత్రం చిక్కలేదు. మెట్ల దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

"మీ ఇంట్లో ఆ గ్లాసెడు నీళ్ళ స్నానాలు నావల్ల కాలేదక్కా. ముందు నేను నా షవర్ కింద గంట నిలబడాలి."

"పది నిమిషాలు. తలుపు గడియ పెట్టకు. నేనిక్కడే ఉంటా."

"స్నానానికి కూడా ఇన్‌స్పెక్షనా?"

చెల్లెలు లోపలికి పోయింది. షవర్ మొదలైంది. ఇన్‌స్పెక్టర్ స్టూలు తెచ్చుకుని తలుపు పక్కన, గోడకు వీపు ఆనించి కూర్చుంది. ప్రతి చప్పుడూ విన్నది. దగ్గు లేదు. ఊపిరి బిగబట్టడం లేదు. కాసేపటికి చెల్లెలు ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టింది, ఎప్పటిలాగే శ్రుతి లేకుండా. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఇన్‌స్పెక్టర్ బిగిసిన భుజాలు సడలాయి.

వీపు వెనక గోడ వెచ్చగా ఉంది. గోడ అవతల కూడా నీళ్ళు పడుతున్నాయి. పదకొండు దాటి అయిదు నిమిషాలైంది.

ఆమె కాసేపు తటపటాయించింది. తర్వాత తల కొంచెం పక్కకు తిప్పి, చిన్నగా అడిగింది.

"సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా," అని వినిపించింది, చెవి పక్కనే. "చల్లగా ఉండు."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది. ఇవతల షవర్ ఆగింది. చెల్లెలు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎర్రబడ్డ బుగ్గలతో తలుపు సందులోంచి తల బయటపెట్టింది.

"ఏదో అడిగావు, షవర్ చప్పుడులో వినపడలేదు. ఏమిటక్కా?"

ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనించిన వీపును నెమ్మదిగా తీసింది. చెల్లెలి చెయ్యి అందుకుని నాడి చూసింది. నిండుగా, వెచ్చగా కొట్టుకుంటోంది.

"నిన్ను కాదులే," అంది.